వేలంపాటాయన మాట

ఎండ ముదరకముందే భార్య ఆయన్ని లేపి కూర్చోబెట్టి చొక్కా తొడిగింది. ముందు పడిపోయిన కుడి చెయ్యి, ఆ తర్వాత ఎడమ చెయ్యి. అలా తొడగాలని ఆస్పత్రిలో నర్సు నేర్పింది. బొత్తాలు పెడుతూ ఆవిడ కూనిరాగం తీసింది. పెళ్ళయి ఇంతకాలమైనా ఆవిడకు పాట వచ్చన్న సంగతి ఆయనకు ఈ ప్రయాణంలోనే తెలిసింది.

"ఇవాళ చుట్టాల్ని చూద్దామండీ," అంది. "ముందు మీ తమ్ముడు. మధ్యాహ్నానికి అమ్మాయి."

ఆయన తలూపాడు. ఇల్లులా అమర్చిన క్యారవాన్ బండి కిటికీలోంచి రాత్రి బస చేసిన మైదానం కనిపిస్తోంది. ఒక మూల నీళ్ళ కుళాయి, దాని దగ్గర బిందెలూ క్యాన్లూ పట్టుకుని పక్క బళ్ళవాళ్ళు. ఆవిడ కిందికి దిగి బండి ట్యాంకు నింపుకుంది, గ్యాసు పొయ్యి గొట్టం బిగించింది, మడత మెట్లు లోపలికి లాగింది. ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆయన చూస్తూ కూర్చున్నాడు. చూడ్డం తప్ప ఆయన చేయగలిగిందేమీ లేదు.

ఒకప్పుడు ఆయన నోరంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ హడలు. పాత సామాన్ల వేలం ఎక్కడ జరిగినా వేదిక మీద ఆయనే. మైకు అక్కర్లేని గొంతు. సొట్టపడ్డ బీరువానైనా నాలుగు మాటల్లో పెళ్ళికూతుర్ని చేసి పంపించేవాడు. వచ్చిన జనంలో సగం కొనడానికొస్తే, సగం ఆయన మాటలు వినడానికే వచ్చేవారు. ఆ మాటల్లో చాలావరకు మనుషుల మీదే. ముందు వరసలో బట్టతల కనిపించినా, పక్కన లావుపాటి పెళ్ళాం కనిపించినా ఆ రోజుకి పండగే. బయటవాళ్ళు దొరక్కపోతే ఇంట్లోవాళ్ళు ఎలాగూ ఉన్నారు. ఇంటిల్లిపాదికీ ఆయన పెట్టిన పేర్లే. మాట తడబడే తమ్ముడు 'నత్తి'. ముందు పుట్టిన పిల్లలు పోయి, ఒక్కతే దక్కిన కూతురు 'మిగులు'. వేదిక మీద పక్కన నిలబడి సామాను ఎత్తి చూపించే భార్య 'స్టాండు'.

"స్టాండూ, గడియారం ఎత్తు. ఇంకాస్త పైకి. మొహానికి అడ్డం పెట్టుకో, సరుకు బావుంటుంది."

జనం విరగబడి నవ్వేవారు. ఆవిడ గడియారం వెనకే నిలబడేది.

ఒకరోజు ఆ వేదిక మీదే, ఒక పాత అద్దాన్ని పొగుడుతూ పొగుడుతూ, ఆయన మూతి ఒక పక్కకి వంకరపోయింది. కాలు మడత పడి కూలిపోయాడు. అదీ తమాషాలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి కుడి పక్కంతా చచ్చుబడిపోయింది, మాట పోయింది. 'మంచినీళ్ళు' అందామంటే "బ... బ..." అని వచ్చేది. 'డాక్టరు' అందామన్నా అదే.

క్యారవాన్ ఏదో వేలంలో ఎవరూ పాడక మిగిలిపోయిన సరుకు. పని మానేశాక ఊళ్ళు తిరగొచ్చని ఆయనే గోదాములో అట్టేపెట్టాడు. భార్య ఒకసారి ముచ్చటపడి స్టీరింగు ముందు కూర్చుంటే, "స్టాండుకి చక్రాలు మొలిచాయిరోయ్!" అని కూలీలందరినీ పిలిచి చూపించాడు. ఆవిడ మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆయన ఆస్పత్రి మంచం మీద ఉండగా మాత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి డ్రైవింగ్ నేర్చుకుంది. ఆయన ఇంటికొచ్చి కాస్త తేరుకోగానే, "గాలి మార్పు ఉంటే మంచిదన్నారు, అలా నాలుగూళ్ళు తిరిగొద్దామండీ," అని బయల్దేరదీసింది. ఆయన లోలోపల పొంగిపోయాడు. ఆవిడకు తన మీద ఇంత ప్రేమ ఉందని ఎన్నడూ అనుకోలేదు.

*

తమ్ముడిది వాచీలు బాగుచేసే దుకాణం. వీధి మలుపులో ఇరుకు గది, ముందొక అద్దాల బల్ల, వెనకాల కాపురం. గుమ్మానికి ఎత్తు మెట్లుండటంతో చక్రాల కుర్చీ లోపలికి ఎక్కలేదు. దాంతో ఆయన్ని దుకాణం ముందు వీధిలోనే ఉంచేశారు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూసి, పక్కకి తప్పుకుని పోతున్నారు.

తమ్ముడు కంటి భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుంటూ బయటికొచ్చాడు. అలవాటు ప్రకారం అన్నకు కాస్త దూరంగానే ఆగాడు. చిన్నప్పట్నుంచీ అంతే, ఏ మాట వచ్చి తగులుతుందోనని ఒక అడుగు వెనకే ఉంటాడు.

"అ... అ... అన్నయ్యా, బా... బావున్నావా?"

ఆయనకు నోటి చివరిదాకా మాట వచ్చింది. మంచి మాటే. 'నువ్వు అడగడం అయ్యేలోపు బాగవుతాన్లేరా!' పదిమందిలో పేలాల్సిన మాట. నోరు తెరిచాడు.

"బ... బ..."

తమ్ముడు మొహంలో రంగు మారింది. దగ్గరికొచ్చాడు. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, మొహంలో మొహం పెట్టి చూశాడు.

"ఏంటన్నయ్యా? బ... బ... బస్సా? బకెట్టా? బర్రెనా? త్వరగా చెప్పరా, తెల్లారిపోతోంది!"

ఇవి తమ్ముడి మాటలు కావు. అక్షరం పొల్లుపోకుండా ఆయన మాటలే. బడి ముందు, పెళ్ళి విందులో, తమ్ముడి కాబోయే మామగారి ఎదుట, తమ్ముడు ఒక్క మాట కోసం కొట్టుకుంటుంటే ఆయన సరిగ్గా ఇలాగే అడిగేవాడు. తమ్ముడు వాటిని ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి భార్య కిసుక్కున నవ్వింది. అంతలోనే ఆశ్చర్యంగా నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ! మీకు నత్తి రాలేదండీ!"

తమ్ముడు గొంతు తడుముకున్నాడు. "రాలేదు," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "రాలేదే! చూడు, ఎంత బాగా మాట్లాడుతున్నానో! వదినా, విన్నావా?"

ఇక ఆగలేదు. కట్ట తెగినట్టు మాట్లాడాడు. దుకాణం సంగతులు చెప్పాడు, పిల్లల చదువులు చెప్పాడు, పాత గడియారాలకు ఇప్పుడు స్ప్రింగులు దొరకడం ఎంత కష్టమో చెప్పాడు. ప్రతి మాటా అన్న మొహంలోకి చూస్తూనే. ఎదురుగా ఉన్న టైలర్ని కేకేసి పిలిచాడు. చెప్పుల కొట్టాయన్నీ పిలిచాడు.

"రండి రండి, మా అన్నయ్య! పెద్ద వేలంపాటాయన! ఈ నోటికి ఊళ్ళు లేచి నిలబడేవి. ఏదన్నయ్యా, మావాళ్ళ కోసం ఒక్క పాట! ఈ టైలరు గారి గుండుకి ఎంతొస్తుందో చెప్పు!"

నవ్వులు లేచాయి. తమ్ముడి భార్య టీ తెచ్చి, "బావగారికి నేను పట్టిస్తాలెండి," అని గ్లాసు ఆయన పెదాలకు ఆనించింది. పొగలు కక్కుతోంది. ఆయన తల తిప్పుకోబోయాడు. "ఒద్దంటే ఎలా, మా ఇంటికొచ్చి!" అంటూ వంచింది. కాలిన నాలుక మీంచి టీ గడ్డం కిందికి, చొక్కా మీదికి కారింది. తుడవాలని ఎవరికీ తోచలేదు.

ఆయన తన భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పళ్ళన్నీ కనిపించేలా.

వాళ్ళు బయల్దేరుతుంటే తమ్ముడు బతిమాలాడు. "అప్పుడే ఏంటి వదినా? భోంచేసి వెళ్ళండి. రేపటిదాకా ఉండండి. అన్నయ్యకి నేనే అన్నీ చేస్తాను." అతని కళ్ళల్లో ఆశ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఆవిడ మాత్రం, ఇంకా చాలా ఊళ్ళకు వెళ్ళాలంది. బండి కదిలాక తమ్ముడు కాస్త దూరం పక్కనే నడిచాడు, చెయ్యి ఊపుతూ.

"జా... జా... జాగ్... జా..."

క్యారవాన్ మలుపు తిరిగేదాకా అతనికి ఆ మాట పూర్తి కాలేదు. ఆయన విన్నాడు. మొహంలో బతికున్న ఎడమ సగం నవ్వింది.

*

బండి ఊరు దాటింది. ఆయన్ని ఆవిడ పక్క సీట్లో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా బెల్టుతో బిగించి కట్టి ఉంచింది. టీ మరక ఎండి అట్టకట్టింది. ఎదురుగా లారీ వస్తే ఆవిడ తొణక్కుండా బండి పక్కకి తీసింది.

"నవ్వావు కదూ ఇందాక?" అంది హఠాత్తుగా. "అతనికి మళ్ళీ నత్తి వస్తే నవ్వావు. చూశాను."

ఆయనకు మొదట తగిలింది ఆ నేరం కాదు, 'నవ్వావు' అన్న మాట. పెళ్ళయిన నాటి నుంచి ఈ పొద్దుటిదాకా ఆవిడ నోటి వెంట 'మీరు' తప్ప మరో మాట రాలేదు.

"డాక్టరు నాతో ఏమన్నాడో తెలుసా? 'మాట పోయిందే గానీ బుర్ర పోలేదమ్మా, మీరన్నదంతా ఆయనకు అర్థమవుతుంది' అన్నాడు. నువ్వు పక్క మంచం మీదే నిద్రపోతున్నావు. ఆ పూటే వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరాను." గేరు మార్చింది. "నీకేం తెలియని స్థితి అయ్యుంటే ఇంట్లోనే మంచాన పడుకోబెట్టి, నోరు మూసుకుని సేవ చేసుకునేదాన్ని. అర్థమవుతుందన్నాడు గనకే బండి తీశాను."

ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"మా అక్క ఉంది. పీపా అనేవాడివిగా దాన్ని? మీ మేనత్త కొడుకున్నాడు, మెల్లకన్ను. అందరూ రమ్మంటున్నారు. నిన్ను చూడాలని ఎంత ఆరాటపడుతున్నారో! ఎంతకాలం సామాన్లెత్తి చూపించాను నేను? చూపించడం నాకు చేతకానిదా?"

చెట్టు నీడ దొరికిన చోట బండి ఆపి, ఆవిడ రొట్టె తింది. ఆయనకు రొట్టె పాలల్లో నానబెట్టి పెట్టింది. మూతి తుడిచింది, చొక్కా మార్చింది. అన్నీ శుభ్రంగా, ఒద్దికగా చేసింది. చొక్కా మారుస్తూ ఒక్కమాటే అంది, అదీ ఆయనతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు.

"అమ్మాయి దగ్గర మాత్రం గొడవేం ఒద్దు. అది నన్ను రానిస్తే అంతే చాలు."

*

కూతురు ఇల్లు వదిలిపోయిన రోజు ఆయనకు బాగా గుర్తుంది. నిజానికి మరిచిపోయింది ఎన్నడూ లేదు, కాకపోతే నిన్నమొన్నటిదాకా ఆ రోజుని తలుచుకుని నవ్వుకునేవాడు.

సోఫాలు కుట్టే అబ్బాయిని చేసుకుంటానంది కూతురు. అబ్బాయిని 'దూది' అన్నాడు ఆయన. అయినా అతను అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని మాట్లాడటానికి వచ్చాడు. చిన్నపాటి మనుషులు, సోఫా అంచున కూర్చున్నారు. ఆయన హుషారుగా లేచి, కూతుర్ని గది మధ్యకు లాగి నిలబెట్టాడు. "మీరు సరుకు చూసి తీసుకునే మనుషులు. చూడండి మరి! కొంచెం పాతబడింది, రంగు దిగింది, ఇన్నాళ్ళూ ఎవరూ పాడక మూలనే ఉంది. స్టాండూ, మొహం ఎత్తి చూపించు!" అన్నాడు. భార్య నవ్వలేక నవ్వుతూనే కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది. చేతులకు అలవాటు. "ఎవరైనా పాడేవాళ్ళున్నారా? లేరా? ఒకటోసారి! రెండోసారి!" మూడోసారి అనేటప్పుడు టేబుల్ మీద ఎడమ అరచేత్తో కొట్టాడు. "పోయింది, దూదికి ఊరికే పోయింది!"

అబ్బాయి తండ్రి తల వంచుకున్నాడు. తల్లి లేచి వచ్చి, భార్య చేతిలోంచి ఆ గడ్డాన్ని మెల్లగా విడిపించింది. ఆ సాయంత్రమే కూతురు వాళ్ళ వెంట వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తల్లికి ఎప్పుడైనా ఫోన్ చేసేది, అదీ ఆయన ఇంట్లో లేని వేళ చూసి.

కూతురి దుకాణం వీధి మట్టానికే ఉంది, కుర్చీ తేలిగ్గా లోపలికి వెళ్ళింది. గోడవార ఫోము దిమ్మెలు, రెగ్జిన్ చుట్టలు. మధ్యలో చీరేసిన సోఫా ఒకటి, స్ప్రింగులన్నీ బయటపడి వెల్లకిలా ఉంది. అల్లుడు పెదాల మధ్య మేకులు పట్టుకుని ఒక్కొక్కటీ తీసి కొడుతున్నాడు. అత్తగార్ని చూసి లేచి నమస్కారం పెట్టాడు. మామగార్ని చూసి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. ఆ తర్వాత కూతురు ఆయన వైపు తిరిగింది. తన పాత మాటే తిరిగి తగులుతుందని, పాత లెక్క తీర్చుకుంటుందని ఆయన సిద్ధపడ్డాడు. పొద్దుట తమ్ముడు చేసినంతా చేస్తుందనుకున్నాడు. అంతకన్నా ఎక్కువే చేస్తుందనుకున్నాడు.

కూతురు ఆయన మొహం చూడలేదు, నడుం చూసింది.

"ఎన్నాళ్ళుగా ఇలా వంకరగా కూర్చోబెడుతున్నావమ్మా? వెన్ను పట్టేయదూ?"

ఆవిడ ఏదో గొణిగింది. కూతురు అప్పటికే ఫోము దిమ్మె లాగి, కళ్ళతోనే కొలత తీసుకుని, పొడుగాటి కత్తితో ఏటవాలుగా కోసింది. పైన నల్ల రెగ్జిన్ చుట్టి టకటకా పిన్నులు కొట్టింది. దాన్ని తెచ్చి ఆయన కుడి పక్క, చంక కిందికి దూర్చి సర్దింది. జబ్బుపడ్డ తర్వాత మొట్టమొదటిసారి ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఛాతీలోకి గాలి నిండుగా వెళ్ళింది. గోడ మీది ఫోటోలు, తలుపు అవతలి వీధి, అన్నీ సరిగ్గా తమ తమ చోట్లలో నిలబడి కనిపించాయి. కూతురి వేళ్ళ నిండా కాయలు కాశాయి. బొటనవేలి గోరు చితికి నల్లబడింది.

ఆయన కళ్ళు నిండాయి. అది చూసి కూతురు కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది.

"నాన్నా, నామీద కోపమా?"

కాదని తల అడ్డంగా ఊపాడు.

"నాకు కోపమే. చాలా రోజులు నువ్వు చచ్చిపోవాలనుకున్నాను. కానీ ఇలా చూస్తాననుకోలేదు. ఒక్క మాట అనవా? సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు. ప్రయత్నించు నాన్నా, నేను అర్థం చేసుకుంటాను."

ఆయన అనదలుచుకున్నది 'తల్లీ' అని. అంతే. ఊపిరంతా కూడదీసుకున్నాడు. గొంతుకు అడ్డంపడ్డ గడియ ఊడినట్టయింది. ఈసారి 'బ' రాలేదు. నాలుక తిరిగింది, పెదాలు కలిసి విడిపోయాయి. తన పాత గొంతు, మైకు అక్కర్లేని ఆ నిండు గొంతు గది నిండా మోగింది.

"ఒకటోసారి!"

సుత్తి ఆగింది.

కూతురు మొహంలోంచి నెత్తురు దిగిపోవడం ఆయన చూశాడు. కాదు, కాదు తల్లీ, అది కాదు, అనాలని నోరు తెరిచాడు.

"రెండోసారి!"

ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆపాలని చూశాడు. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి, ఆ నోరు కలిసి పనిచేశాయి. ఇప్పుడు ఆయన మాట వినే స్థితిలో లేవు. "మూడోసారి!" అంటూనే అరచెయ్యి కుర్చీ చెక్క మీద ఫెడీమని పడింది.

అల్లుడు పెదాల మధ్య మేకులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. "బయటికి తీసుకెళ్ళండి అత్తయ్యా," అన్నాడు.

కూతురు లేచి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. వంగి, ఆయన చంక కింద పెట్టిన దిమ్మెను పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆయన కుడి పక్కకి కుప్పలా ఒరిగిపోయాడు.

"అమ్మా, నువ్వెప్పుడొచ్చినా రా. ఎన్నాళ్ళయినా ఉండు. ఈ మనిషిని మాత్రం మళ్ళీ నా గుమ్మం తొక్కనివ్వకు."

*

ఆ సాయంత్రం ఆవిడ ఇంకో ఊళ్ళో, పెద్ద షెడ్ల వెనక ఉన్న ఖాళీ జాగాలో బండి నిలిపింది. అప్పటికే నాలుగైదు క్యారవాన్లు వచ్చి ఉన్నాయి. ఎవరో బట్టలారేస్తున్నారు, ఎవరో రేడియో పెట్టారు. ఇంకా వెలుతురుంది. ఆవిడ గుడారం గుడ్డ బయటికి లాగి, మేకులు పాతి, దాని కింద ఆయన కుర్చీ దించింది. పొయ్యి వెలిగించి జావ కాచింది. తను తాగింది. గిన్నె కడుక్కుంది. ఆయనకు పెట్టలేదు.

పక్క బండావిడ పలకరించబోయి, ఆవిడ మొహం చూసి వెనక్కి పోయింది.

ఆయన ఒరిగిన చోటే ఉన్నాడు. పక్కటెముకలు కుర్చీ అంచుకి ఒరుసుకుపోతున్నాయి. ఆకలిగా ఉంది. దానికన్నా ఎక్కువగా ఒక్క మాట చెప్పాలని ఉంది. దారంతా అదే పనిగా నోట్లో వెతుక్కున్నాడు. 'తల్లీ' అనుకుంటే వచ్చేది ఒకటే. 'నీళ్ళు' అనుకున్నా అదే. అందుకని పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు.

చివరికి ఆవిడే ఆగలేక గిన్నెలో జావ పోసుకుని వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"కడుపు చల్లబడిందా?" అంది. "కన్నకూతురు దగ్గరికి తీస్తే, అప్పుడు కూడా నీ బుద్ధి పోనిచ్చుకోలేదు. అంత కష్టపడి, నెలల తరబడి రాని మాటని తెచ్చుకుని మరీ అన్నావు. చెప్పు, ఎందుకన్నావు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గిన్నె కింద పెట్టి, ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"చెప్పు!"

"ఒకటోసారి," అన్నాడు.

ఆవిడ ఆయన చెంప మీద కొట్టింది. రేడియో దగ్గరివాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఆయన ఎడమ చేత్తో తన నోటి మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. పెదవి చిట్లింది. అయినా ఆపలేదు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు ఆయన కళ్ళలోకి చూసింది.

"దాహంగా ఉందా?" అంది, మామూలు గొంతుతో.

"రెండోసారి."

"నేనెవర్ని?"

"మూడోసారి," అన్నాడు ఆయన, కన్నీళ్ళు కారిపోతుంటే.

ఆవిడ చెయ్యి వదిలేసింది. నెమ్మదిగా స్టూలు మీద వెనక్కి జరిగింది. "అదొక్కటే వస్తోందా నీకు?" అని అడిగింది. "అమ్మాయితో వేరే ఏదో అనబోయావా?"

ఆయన తలూపాడు. మెడ నొప్పి పుట్టేలా, ఊపి ఊపి చెప్పాడు. ఆవిడకు అర్థమైంది. అర్థమైందని ఆయనకూ తెలిసింది. మధ్యాహ్నం నుంచి గుండెల మీదున్న బరువు కాస్త తేలికపడింది. ఇక ఆవిడ చెబుతుంది. తన తరఫున మాట్లాడటానికి లోకంలో ఒక్కరున్నా చాలు.

అప్పుడే ఆవిడ ఒళ్ళోని ఫోన్ మోగింది. కూతురు. ఆవిడ స్పీకర్ పెట్టలేదు గానీ, కూతురి గొంతు గట్టిగా, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఆయనదాకా వినబడుతూనే ఉంది.

"అమ్మా, మా ఆయన ఒక మాటంటున్నాడు. జబ్బుపడ్డవాళ్ళకి ఒక్కోసారి పాత మాటలు వాటంతటవే వచ్చేస్తాయంట. వాళ్ళ మావయ్యకి అలాగే అయిందంట. నాన్న కావాలని అన్నాడా అమ్మా? నిజం చెప్పు. కావాలని కాకపోతే ఇప్పుడే వస్తాను. ఆ దిమ్మె కూడా తెస్తాను."

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన ఎడమ చెయ్యి చాచాడు. వేళ్ళు ఆవిడ మోకాలికి అందీ అందకుండా ఆగాయి.

"నీకు మీ నాన్న సంగతి తెలియదా?" అంది ఆవిడ ఫోన్లో. "ఇక్కడికొచ్చాక కూడా నవ్వుకుంటూ కూర్చున్నాడమ్మా. నువ్వేం మనసు పాడుచేసుకోకు. ఆదివారం నేనొక్కదాన్నే బస్సులో వస్తాను, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. సరేనా తల్లీ?"

ఫోన్ కట్టేసి ఒళ్ళో పెట్టుకుంది. చేతులు చీర కుచ్చెళ్ళ మధ్య దాచుకుంది.

"తెలిస్తే నీకోసం పరిగెత్తుకొస్తుంది," అంది. "వచ్చి నీ పక్కనే కూర్చుంటుంది. నీకు కుర్చీలు కుడుతుంది, నీకు మాటలు నేర్పుతుంది. నేను మళ్ళీ పక్కన నిలబడాలి. నా వల్ల కాదు."

ఆయన నోరు తెరిచాడు. ఏం వస్తుందో తెలిసి మళ్ళీ మూసుకున్నాడు.

ఆవిడ కొంగుతో ఆయన పెదవి మీది నెత్తురు తుడిచింది. ఒరిగిపోయిన ఒళ్ళు కాస్త పైకి లాగి, పక్కన దుప్పటి మడిచి పెట్టింది. గిన్నె తీసుకుని, చల్లారిన జావని చెంచాతో కలిపి నోటి దగ్గర పట్టింది. ఆయన కాసేపు పెదాలు బిగించుకునే ఉన్నాడు. ఆవిడ తొందరపెట్టలేదు, చెంచా అక్కడే పట్టుకుని కూర్చుంది. ఆకలి ఆగలేదు. నోరు తెరిచి తిన్నాడు.